జి.డి.నాయుడు

జి.డి.నాయుడు (పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు, మార్చి 23, 1893 - జనవరి 4, 1974) తమిళనాడులోని కోయంబత్తూరుకు చెందిన సుప్రసిద్ధ యంత్ర నిపుణుడు, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త, విద్యాపోషకుడు. ప్రాథమిక పాఠశాల చదువు కూడా పూర్తి చేయని ఈయన ఒక మోటారు సైకిలును విప్పి, తిరిగి బిగించి యంత్రవిద్యను స్వయంగా నేర్చుకున్నాడు. ఒక్క బస్సుతో ప్రారంభించి దక్షిణ భారతదేశంలో పేరెన్నికగన్న రవాణా సంస్థను నిర్మించాడు. 1937లో దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారీలో పాలుపంచుకున్నాడు. భారతదేశపు ఎడిసన్ అన్న బిరుదు ఈయనకు స్థిరపడింది. మాతృభాష తెలుగు. తమిళ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుండి వచ్చి దేశవ్యాప్త ఖ్యాతి గడించినవారిలో ఈయన ఒకడు.

కుటుంబ నేపథ్యం

విజయనగర సామ్రాజ్య కాలంలోను, ఆ తరువాత మధుర నాయకుల కాలంలోను అనేక తెలుగు కుటుంబాలు తమిళ ప్రాంతానికి వలసవెళ్ళాయి. వారిలో కమ్మవారు కోయంబత్తూరు పరిసరాలలోని నల్లరేగడి నేలలలో స్థిరపడి ప్రత్తి సాగుచేశారు. తరాలు గడిచినా ఇళ్ళలో తెలుగు మాట్లాడుకోవడం కొనసాగింది. బడిలోను, బజారులోను తమిళం, ఇంట్లో తెలుగు అన్నది వారి జీవన విధానం. 19వ శతాబ్దపు చివరినుండి ఈ రైతు కుటుంబాలు ప్రత్తి సాగునుండి జిన్నింగు మిల్లులకు, అక్కడినుండి నూలు మిల్లులకు, ఆపైన యంత్ర పరిశ్రమలకు విస్తరించాయి. కోయంబత్తూరు పారిశ్రామిక నగరంగా ఎదగడంలో వీరి పాత్ర గణనీయమైనది. నాయుడు జీవితాన్ని ఈ నేపథ్యంలో చూడవలసి ఉంటుంది.

కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో గోపాలస్వామి నాయుడు అనే రైతు ఇంట దొరస్వామి జన్మించాడు. పసితనంలోనే తల్లిని కోల్పోయాడు. బడి చదువు ఆయనకు రుచించలేదు. ఉపాధ్యాయులతో పడక, మూడవ తరగతితోనే చదువు మానివేశాడని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. బడి మానినంత మాత్రాన చదవడం మానలేదు. పొలం పనులు చూసుకుంటూనే దొరికిన పుస్తకమల్లా చదివేవాడు. ఈ స్వయంకృషి అలవాటు చివరివరకు ఆయనను విడువలేదు. పుస్తకంలో చదివినదానిని చేతితో చేసి చూసేవరకు నమ్మకపోవడం ఆయన స్వభావంగా మారింది.

మోటారు సైకిలుతో పరిచయం

యౌవనంలో ఉండగా ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి తమ ఊరికి మోటారు సైకిలుపై రావడం నాయుడు చూశాడు. అది ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ తయారుచేసిన 1912 నాటి రడ్జ్ బండి. ఎద్దులు, గుర్రాలు లేకుండా తనంతట తాను కదిలే వాహనాన్ని చూసి ఆయన ముగ్ధుడయ్యాడు. అటువంటి బండిని ఎలాగైనా సంపాదించాలనే సంకల్పంతో ఊరు విడిచి కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా పనికి కుదిరాడు. సుమారు మూడేళ్ళు కూడబెట్టిన సొమ్ముతో ఆ మోటారు సైకిలునే కొన్నాడు.

కొన్న తరువాత ఆయన మొదట చేసిన పని దానిని పూర్తిగా విప్పివేయడం. ప్రతి భాగాన్ని పరిశీలించి, అది ఏ పని చేస్తున్నదో తెలుసుకొని, తిరిగి యథాస్థానంలో బిగించాడు. బోధించే గురువు గాని, సాంకేతిక పాఠశాల గాని అందుబాటులో లేని రోజులలో ఆ బండే ఆయనకు పాఠశాల అయింది. ఆ తరువాత కొంతకాలం మెకానిక్కుగా పనిచేశాడు.

ఆ కాలపు రడ్జ్ ఇంజను విద్యార్థికి మంచి పాఠ్యపుస్తకమే. 499 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం గల ఒకే సిలిండరు. లోపలికి వాయువును పంపే కవాటం సిలిండరు తలపైన, వెలుపలికి పంపే కవాటం పక్కన ఉండేవి. కవాటాలను నడిపే భాగాలు చాలావరకు కప్పు లేకుండా బయటికి కనిపించేవి. ఇంజనుకు కందెన నూనెను నడిపేవాడే అప్పుడప్పుడు చేతిపంపుతో అందించవలసి వచ్చేది. అందువలన ఏ భాగం ఎందుకు అరుగుతుందో, నూనె అందకపోతే ఏమవుతుందో బండి యజమానికి త్వరలోనే తెలిసివచ్చేది. ఇదే కంపెనీ బండిపై 1914లో సిరిల్ పుల్లిన్ ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ టి.టి. పందెం గెలిచాడు.

ఇంజను మన్నిక - ట్యాపెట్ల పాత్ర

నాయుడు నేర్చుకొన్న విద్య ఎటువంటిదో అర్థం కావడానికి ఇంజనులో అతి చిన్నదైన ఒక భాగాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్ దండము ఒక చుట్టు తిరుగుతుంది. కామ్‌పై ఉన్న ఉబ్బు తన మీద ఆనుకొని ఉన్న ట్యాపెట్‌ను పైకి నెడుతుంది. ట్యాపెట్ కవాటాన్ని తెరుస్తుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు కవాటాన్ని మూసివేస్తుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కొక్క కవాటం నిమిషానికి 1,500 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది.

లోహం వేడికి వ్యాకోచిస్తుంది. కనుక ఘన ట్యాపెట్ ఉన్న ఇంజనులో కవాటపు కాడకు, దానిని నెట్టే భాగానికి మధ్య ఒక మిల్లీమీటరులో కొద్ది భాగమంత ఖాళీ వదలాలి. ఖాళీ బొత్తిగా లేకపోతే వేడెక్కినపుడు కవాటం పూర్తిగా మూసుకోదు, మండే వాయువులు సందులోనుండి దూసుకువచ్చి కవాటం అంచు కాలిపోతుంది. ఖాళీ మరీ ఎక్కువైతే టకటకమనే చప్పుడు మొదలవుతుంది, ప్రతి దెబ్బకు కామ్, ట్యాపెట్ రెండూ నలుగుతాయి. పలాస, టెక్కలి వంటి ఊళ్ళలోని షెడ్డులలో మెకానిక్కులు ట్యాపెట్ సెట్టింగు అని పిలిచే పని ఈ ఖాళీని సరిచూడడమే. ఉద్దానం తీరంలో డీజిలు పంపుసెట్టు వాడిన రైతుకైనా, పాత తరహా బుల్లెట్ మోటారు సైకిలు నడిపినవారికైనా ఈ చప్పుడు పరిచితమే.

అడుగు చదునుగా ఉన్న ట్యాపెట్ కామ్‌పై జారుతుంది, దానిని నూనెపొర కాపాడుతుంది. జారడానికి బదులు దొర్లేటట్లు అడుగున చిన్న చక్రం అమర్చితే దానిని రోలర్ ట్యాపెట్ అంటారు. దీనివలన ఘర్షణ తగ్గుతుంది, కామ్ ఉబ్బును మరింత నిటారుగా మలచి కవాటాన్ని వేగంగా తెరవవచ్చును. అందుకే పందెపు కార్లలోని అధికశక్తి ఇంజనులలో ఘన రోలర్ ట్యాపెట్లను వాడుతారు. కాని ఈ లాభం ఉచితంగా రాదు. అధిక వేగంలో చక్రం కామ్‌ను విడిచి ఎగరకుండా ఉండడానికి చాలా గట్టి స్ప్రింగులు కావాలి. ఆ స్ప్రింగుల భారమంతా చక్రపు ఇరుసుపైన, అందులోని సూదుల వంటి సన్నని బేరింగులపైన పడుతుంది. చక్రం ఒక్కసారి ఎగిరి తిరిగి పడితే ఆ దెబ్బకు ఇరుసు ఉపరితలం పెచ్చులూడడం మొదలవుతుంది. సూదులు విరిగితే ముక్కలు నూనెతో కలిసి ఇంజను అంతటా ప్రయాణించి దానిని పాడుచేస్తాయి.

మరొక విశేషమేమంటే, ఇటువంటి ట్యాపెట్లకు అతివేగం ఎంత చేటో, బండి కదలకుండా ఇంజను మందగతిలో చాలాసేపు తిరగడమూ అంత చేటే. అప్పుడు క్రాంకు చిమ్మే నూనె తుంపరలు చక్రపు ఇరుసుకు తగినంతగా చేరవు. దీనికి విరుగుడుగా ఇరుసుకు నేరుగా ఒత్తిడితో నూనె అందించే ట్యాపెట్లు, సూదుల స్థానంలో నునుపైన బుష్షులు గల ట్యాపెట్లు వచ్చాయి. అయినా అనుభవజ్ఞులు కొంత వాడకం తరువాత వాటిని విప్పి పరీక్షిస్తారు. ఒకసారి సరిచేసిన ఖాళీ ఉన్నట్టుండి పెరిగిందంటే లోపల ఏదో అరిగిందని గ్రహించి, విరిగేవరకు ఆగకుండా మార్చివేస్తారు. నూనె ఒత్తిడితో ఖాళీని తనంతట తానే సరిచేసుకొనే హైడ్రాలిక్ ట్యాపెట్లు సాధారణ వాహనాలలో ఈ శ్రమను చాలావరకు తప్పించాయి.

యంత్రం మన్నిక ఒక్క ఉక్కు నాణ్యతపైనే ఆధారపడదు. సరైన ఖాళీ, సరైన నూనె, క్రమం తప్పని పరీక్ష అనే మూడూ కలిస్తేనే మన్నిక. మోటారు సైకిలును విప్పి నేర్చుకొన్న యువకుడు తరువాత బస్సుల సంస్థను నడపడానికి ఈ అవగాహనే పునాది.

రవాణా వ్యాపారం

మోటారు సైకిలు తరువాత నాయుడు వెంటనే బస్సుల వైపు రాలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తిరుప్పూరులో ప్రత్తి జిన్నింగు వ్యాపారం చేసి లాభం గడించాడు. ఆ ధనంతో బొంబాయి వెళ్ళి ప్రత్తి వ్యాపారంలో దిగి నష్టపోయి తిరిగివచ్చాడు. ఆ దశలో కోయంబత్తూరులోని ఆంగ్ల వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ ఆయనకు తోడ్పడ్డాడు. స్టేన్స్ ఆ పట్టణంలో పరిశ్రమలను, పాఠశాలను నెలకొల్పిన వ్యక్తి. ఆయన ఇచ్చిన ప్రోత్సాహంతో, ఆర్థిక సహాయంతో 1920లో నాయుడు ఒక బస్సు కొన్నాడు.

ఆ బస్సును పొల్లాచి, పళని పట్టణాల మధ్య నాయుడు స్వయంగా నడిపాడు. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం కావడం వలన ఆ దారిలో యాత్రికుల రద్దీ ఉండేది. క్రమంగా బస్సుల సంఖ్య పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే సంస్థ ఏర్పడింది. ప్రజలు దానిని యు.ఎం.ఎస్. అని పిలిచేవారు. కొన్నేళ్ళలోనే అది దేశంలోని సమర్థమైన ప్రయాణికుల రవాణా సంస్థలలో ఒకటిగా పేరు పొందింది.

ఆ రోజులలో బస్సు నడపడంలోని కష్టాలను నేటి పాఠకులు ఊహించడం కష్టం. రోడ్లు చాలావరకు కంకరవి, మట్టివి. వేసవిలో లేచే దుమ్ము ఇంజనులో చేరి సిలిండర్లను, కామ్‌ను, ట్యాపెట్లను అరగదీసేది. వాహనాలు, విడిభాగాలు అమెరికా నుండి, ఇంగ్లండు నుండి ఓడలలో రావలసినవి. ఒక చిన్న భాగం విరిగితే అది వచ్చేవరకు బస్సు షెడ్డులోనే ఉండిపోయేది. ఇటువంటి పరిస్థితులలో వ్యాపారం నిలవాలంటే విరిగిన తరువాత బాగుచేయడం కాదు, విరగకముందే గుర్తించడం అవసరం. భాగాలను దిగుమతికి ఎదురుచూడకుండా ఇక్కడే తయారుచేసుకోవడం మరింత అవసరం. నాయుడు యంత్రాల కంపనాన్ని పరీక్షించే పరికరాన్ని రూపొందించడం, మోటారు వాహనాలకు రేడియేటర్లు తయారుచేసే యూనివర్సల్ రేడియేటర్ ఫ్యాక్టరీని స్థాపించడం ఈ అవసరాలనుండి పుట్టినవే. రవాణా సంస్థకు అనుబంధంగా వెలసిన కర్మాగారాలే ఆయన ఇతర ఆవిష్కరణలకు ప్రయోగశాలలయ్యాయి.

విద్యుత్ మోటారు

1930ల తొలినాళ్ళలో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం నుండి కోయంబత్తూరు ప్రాంతానికి కరెంటు వచ్చింది. నూలు మిల్లులు వేగంగా పెరిగాయి. బావుల నుండి నీరు తోడడానికి రైతులు కరెంటు పంపుల వైపు చూడసాగారు. కాని మోటారు మాత్రం విదేశాలనుండే దిగుమతి కావలసి ఉండేది.

ఈ లోటును తీర్చడానికి నాయుడు పీలమేడులోని తన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ కర్మాగారంలో డి.బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో విద్యుత్ మోటారును తయారుచేశాడు. దీనిని భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేర్కొంటారు. బాలసుందరం నాయుడు తరువాతి కాలంలో టెక్స్‌టూల్ అనే ప్రసిద్ధ యంత్ర పరిశ్రమను నెలకొల్పాడు. మోటార్ల, పంపుసెట్ల తయారీలో కోయంబత్తూరు దేశంలోనే ముఖ్య కేంద్రంగా రూపొందింది. ఆంధ్రప్రదేశ్ పొలాలలో నీరు తోడే పంపుసెట్లలో కోయంబత్తూరు పేరు తెలియనివారు అరుదు. శ్రీకాకుళం జిల్లా రైతు కూడా ఈ విధంగా నాయుడు కాలపు ప్రయత్నానికి పరోక్షంగా వారసుడే.

ఇతర ఆవిష్కరణలు

నాయుడు ఆసక్తులు ఒక్క రంగానికి పరిమితం కాలేదు. నిత్యజీవితంలో కనిపించే ఏ ఇబ్బందినైనా యంత్రంతో తీర్చవచ్చునని ఆయన నమ్మేవాడు. ఆయన రూపొందించినవాటిలో ముఖ్యమైనవి:

- బ్యాటరీతో నడిచే చిన్న మోటారు గల విద్యుత్ క్షౌరయంత్రం. ఇది రేజంట్ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది.
- అతి పలుచని క్షౌరపు బ్లేడులు.
- సినిమా కెమెరాలలో దూరాన్ని సరిచేసే పరికరం.
- పండ్లరసం తీసే యంత్రం.
- కిరోసిన్‌తో నడిచే పంకా.
- మోసానికి తావులేకుండా ఓట్లను నమోదుచేసే యంత్రం.

వీటిలో ఓట్ల యంత్రం ప్రత్యేకంగా పేర్కొనదగినది. 1930ల మధ్యలో నాయుడు మద్రాసు రాష్ట్ర శాసనసభకు పోటీచేసి ఓడిపోయాడు. రాజకీయాలలో ఆయన రాణించలేదు గాని, ఎన్నికలను యంత్రం ద్వారా నిర్వహించవచ్చునన్న ఊహ ఆయనకు ఉండింది. దేశంలో ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాన్ని తొలిసారిగా వాడినది 1982లో, కేరళలోని పరవూరు నియోజకవర్గంలో. అప్పటికి నాయుడు మరణించి ఎనిమిదేళ్ళు గడిచాయి.

1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే భారతదేశంలో తయారుచేయగలనని ఆయన ప్రకటించాడు. రేడియో సంపన్నుల ఇళ్ళకే పరిమితమైన కాలంలో ఇది సంచలనం కలిగించిన ప్రకటన. గృహనిర్మాణంలోను ప్రయోగాలు చేసి, ఉదయం పునాది వేసిన ఇంటిని ఆ రోజే నివాసయోగ్యం చేసి చూపించాడు. వ్యవసాయంలో ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై పరిశోధనలు చేశాడు. ఆయన తోటను సర్ సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి ప్రముఖులు సందర్శించారు.

ఛాయాగ్రహణం, విదేశీ పర్యటనలు

నాయుడు ఐరోపా దేశాలలో విస్తృతంగా పర్యటించాడు. ఎక్కడికి వెళ్ళినా కర్మాగారాలను చూడడం, కొత్త యంత్రాలను పరిశీలించడం, కెమెరాతో చిత్రాలు తీయడం ఆయనకు అలవాటు. 1936 జనవరిలో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చలనచిత్రంగా తీశాడు. జర్మనీ పర్యటనలో హిట్లర్‌ను కలుసుకొని ఛాయాచిత్రం తీశాడు. స్వదేశంలో మహాత్మా గాంధీ, జవహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ వంటి నాయకులను తన కెమెరాలో బంధించాడు. జర్మనీ యంత్ర పరిశ్రమలలోని క్రమశిక్షణ, భాగాల కొలతలలో వారు పాటించే ఖచ్చితత్వం ఆయనను ఆకర్షించాయి.

విద్యారంగం

1944లో నాయుడు తన మోటారు సంస్థల ప్రత్యక్ష నిర్వహణ నుండి విరమించుకొన్నాడు. పరిశోధక విద్యార్థులకు వేతనాలు, తన ఉద్యోగులకు, వెనుకబడిన వర్గాలకు సంక్షేమ పథకాలు ప్రకటించాడు. ఆ తరువాత ఆయన దృష్టి సాంకేతిక విద్య వైపు మళ్ళింది.

ఆయన కృషి, విరాళాల ఫలితంగా కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడ్డాయి. ఆర్థర్ హోప్ 1940 నుండి 1946 వరకు మద్రాసు రాష్ట్ర గవర్నరు. 1945లో నాయుడు ఈ కళాశాలకు ప్రిన్సిపాలుగా కూడా వ్యవహరించాడు. మూడవ తరగతితో బడి మానిన వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు అధిపతి కావడం దేశ విద్యాచరిత్రలో అరుదైన సంఘటన.

అయితే ఈ పదవి ఎక్కువకాలం నిలవలేదు. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు అనవసరమని, రెండేళ్ళు చాలునని నాయుడు అభిప్రాయం. తరగతులు రోజుకు ఒకటికంటే ఎక్కువ విడతలలో నడిపితే అవే భవనాలతో, అవే యంత్రాలతో ఎక్కువమంది విద్యార్థులకు శిక్షణ ఇవ్వవచ్చునని ఆయన ప్రతిపాదించాడు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన పదవినుండి తప్పుకున్నాడు.

ఈ వివాదంలో రెండు పక్షాలకూ బలమున్నది. గణితం, పదార్థ విజ్ఞానం, యంత్రాల బలాబలాల సిద్ధాంతం లోతుగా తెలియనివాడు కొత్త యంత్రాన్ని రూపొందించలేడు, దానికి కాలం పడుతుంది. ట్యాపెట్ చక్రం ఎంత భారానికి పెచ్చులూడుతుందో లెక్కకట్టడం విప్పి బిగించడం వలన మాత్రమే రాదు. మరోవైపు, నాలుగేళ్ళు చదివి పట్టా పుచ్చుకొన్నా చేతితో ఒక ఇంజనును విప్పని విద్యార్థులు ఉన్నారన్న విమర్శ నేటికీ వినబడుతూనే ఉన్నది. కర్మాగారంలో అభ్యాసానికి చదువులో ఎంత చోటు ఉండాలన్నదే నాయుడు లేవదీసిన అసలు ప్రశ్న. ఆ ప్రశ్న పలాస, టెక్కలి ప్రాంతాలలో పాలిటెక్నిక్ చదివే విద్యార్థికి కూడా వర్తించేదే.

ఆర్థర్ హోప్ ఇంజనీరింగ్ కళాశాల తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారి, తమిళనాడులోని ప్రముఖ విద్యాసంస్థలలో ఒకటిగా కొనసాగుతున్నది.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చొనగలిగిన పెట్రోలు కారును తయారుచేశాడు. దాని ధర 2,000 రూపాయలుగా నిర్ణయించాడు. మధ్యతరగతి కుటుంబానికి కారు అందుబాటులోకి తేవాలన్నది ఆయన ఆశయం. అయితే ఉత్పత్తికి అవసరమైన లైసెన్సును ప్రభుత్వం మంజూరు చేయలేదు. ఆ కారు అక్కడితో ఆగిపోయింది.

1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1952 మే నెలలో అమలులోకి వచ్చింది. మోటారు వాహనాల వంటి పరిశ్రమ స్థాపించడానికి కేంద్రప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. విదేశీ మారకద్రవ్యం, ఉక్కు కొరతగా ఉన్న దేశంలో వాటిని ముఖ్య పరిశ్రమలకు కేటాయించాలన్నది ప్రభుత్వ వాదన. ఫలితంగా తరువాతి మూడు దశాబ్దాలలో భారతీయులకు కొద్దిరకాల కార్లు మాత్రమే అందుబాటులో ఉన్నాయి, వాటికోసం ఏళ్ళ తరబడి వేచి ఉండవలసి వచ్చింది. లైసెన్సు విధానం చాలా పరిశ్రమలకు 1991లో రద్దయింది.

నాయుడుకు అనుమతి లభించి ఉంటే ఏమయ్యేదన్నది చర్చనీయాంశం. ఒక కారును తయారుచేయడం వేరు, వేల కార్లను ఒకే నాణ్యతతో తయారుచేసి, ఊరూరా విడిభాగాలు దొరికేటట్లు చూడడం వేరు. అయితే ఆ పరీక్షకు నిలిచే అవకాశమే ఆయనకు దక్కలేదన్నది వాస్తవం. ఆయన ఆవిష్కరణలలో అనేకం నమూనా దశలోనే ఆగిపోవడానికి అనుమతుల నిరాకరణ ఒక ముఖ్య కారణం. ఒకే వ్యక్తి అనేక రంగాలలో ప్రయోగాలు చేయడం వలన ఏ ఒక్కదానికీ పూర్తికాలం కేటాయించలేకపోవడం మరొక కారణంగా భావించవచ్చును.

చివరి రోజులు, స్మృతిచిహ్నాలు

1967లో నాయుడు కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పాడు. తాను రూపొందించిన, సేకరించిన యంత్రాలను విద్యార్థులు దగ్గరగా చూసి తెలుసుకోవాలన్నది దీని ఉద్దేశం. 1974 జనవరి 4న ఆయన మరణించాడు. ఆయన కుమారుడు జి.డి.గోపాల్ ఆ సంస్థల నిర్వహణను కొనసాగించాడు.

ఆయన జీవితపు చివరి సంవత్సరాలలోనే తమిళనాడు ప్రభుత్వం పెద్ద ప్రైవేటు బస్సు సంస్థల మార్గాలను జాతీయం చేయసాగింది. 1972లో కోయంబత్తూరు కేంద్రంగా చేరన్ రవాణా సంస్థ ఏర్పడింది. ప్రైవేటు బస్సు యజమానుల తొలి తరం చరిత్ర ఆ విధంగా ఒక మలుపు తిరిగింది.

2015లో ఆయన కుటుంబ సంస్థ ఆధ్వర్యంలో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో జీడీ కార్ల ప్రదర్శనశాల ప్రారంభమయింది. వివిధ దేశాల పాతకాలపు కార్లను ఇక్కడ చూడవచ్చును. నాయుడు జీవితంపై రంజిత్ కుమార్ తీసిన డాక్యుమెంటరీ చిత్రానికి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో శాస్త్ర సాంకేతిక విభాగంలో ఉత్తమ చిత్రంగా బహుమతి లభించింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుపై ప్రారంభమైన, సుమారు 10 కిలోమీటర్ల పొడవుగల ఎత్తైన వంతెన రహదారికి తమిళనాడు ప్రభుత్వం జి.డి.నాయుడు పేరు పెట్టింది.

ప్రాముఖ్యత

ఎడిసన్‌తో పోలిక వలన నాయుడును కేవలం వింత వస్తువుల సృష్టికర్తగా భావించే ప్రమాదం ఉన్నది. ఆయన అసలు విశిష్టత వేరు. వాహనాలను దిగుమతి చేసుకొని వాడి పారవేసే కాలంలో, యంత్రాన్ని విప్పి అర్థం చేసుకోవచ్చునని, ఇక్కడే బాగుచేయవచ్చునని, ఆపైన ఇక్కడే తయారుచేయవచ్చునని వరుసగా మూడు మెట్లు ఎక్కి చూపించాడు. మోటారు సైకిలు మొదటి మెట్టు, బస్సుల షెడ్డు రెండవది, విద్యుత్ మోటారు మూడవది. కోయంబత్తూరులో ఆ తరువాత వెలసిన వందలాది చిన్న కర్మాగారాలు ఇదే దారిలో నడిచాయి.

కాలక్రమం

- 1893: కలంగల్ గ్రామంలో జననం.
- 1920: పొల్లాచి - పళని మార్గంలో తొలి బస్సు.
- 1936: లండనులో అయిదవ జార్జి అంత్యక్రియల చిత్రీకరణ.
- 1937: విద్యుత్ మోటారు తయారీ.
- 1941: 70 రూపాయల రేడియో ప్రకటన.
- 1944: మోటారు సంస్థల ప్రత్యక్ష నిర్వహణనుండి విరమణ.
- 1945: ఆర్థర్ హోప్ కళాశాల ప్రిన్సిపాలు.
- 1952: 2,000 రూపాయల కారు, లైసెన్సు నిరాకరణ.
- 1967: పారిశ్రామిక ప్రదర్శనశాల స్థాపన.
- 1974: మరణం.